మలుపు దగ్గర బొరియ

అనగనగా ఒక కొండ. ఆ కొండ వాలంతా అడవి. ఆ అడవిలో రెండు పేటలు. పైన ఉన్నది ఎగువపేట, కింద ఉన్నది దిగువపేట. రెండు పేటలకీ కలిపి ఒకటే బాట.

ఎగువపేటకి పెద్ద ఒక దుప్పి. పేరు కొమరయ్య. మంచివాడే. ఎవరింట్లో కష్టమొచ్చినా అందరికంటే ముందు వెళ్లేవాడు. తగువొస్తే ఇద్దరి మాటా వినేవాడు. ఒక్కటే లోపం. పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదు. అదేం పెద్ద లోపం అంటారా? వినండి మరి. ఈ కథలో ఏడుపంతా అక్కడి నుంచే వచ్చింది.

కొమరయ్యకి ఒక మనవరాలు. ఒంటి నిండా తెల్లటి చుక్కలు. అందుకని అందరూ చుక్కి అని పిలిచేవారు. దాని తల్లిని చిరుత ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి దానికి తల్లయినా తండ్రయినా తాతే. తాతకి కూడా ఇంకెవరూ లేరు.

చుక్కికి నోరు ఊరుకునేది కాదు. పొద్దున్న లేస్తే ప్రశ్నలే.

"తాతా, గాలి ఎక్కడ పడుకుంటుంది?"

"చింతచెట్టు మీద, తల్లీ."

"తాతా, నీడకి ఆకలేయదా?"

"మధ్యాహ్నం వేస్తుంది. అందుకే అప్పుడు చిక్కిపోతుంది."

సభలో ఎవరైనా రెండోసారి అడిగితే కొమరయ్య కసురుకునేవాడు. చుక్కి పదిసార్లు అడిగినా కసురుకునేవాడు కాదు. జవాబు తెలియకపోతే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడు. చుక్కి నమ్మేది. తాత చెప్పిందంటే దానికి ఇక తిరుగులేదు.

ఇప్పుడు బాట సంగతి చూద్దాం.

ఆ బాట చాలా పాడైపోయింది. వానకి కాదు, ఎండకి కాదు. ఎగువపేట మురుగుకి పాడైపోయింది. కోతులు పళ్లు కడిగిన నీళ్లు, పందులు పొర్లిన బురద, పిల్లల్ని కడిగిన నీళ్లు, గుహలు కడిగిన నీళ్లు, అన్నీ బాట మీదికే వదిలేవారు. ఎవరి వాకిలి వాళ్లు శుభ్రం. బాట మాత్రం ఏడాది పొడుగునా చిత్తడి.

ఏటా తొలకరికి ఆ బాట మీదుగా ఏనుగుల మంద కొండ దాటేది. ఏనుగులు వస్తే ఎగువపేటకి పండగే. అవి విరిచిన కొమ్మల ఆకుతోనే చిన్న జంతువులు చాలాకాలం కడుపు నింపుకునేవి. ఒక ఏడు మాత్రం ఒక గున్న ఏనుగు ఆ మురుగులో కాలు జారి పడింది. మందకి పెద్దదైన ఏనుగమ్మ అందరి ముందూ కొమరయ్యని నిలదీసింది.

"ఇదేం బాటయ్యా? నువ్వు పెద్దవాడివై ఉండి ఇలాగేనా ఉంచేది? వచ్చే ఏటికి బాగుచేశారా, సరే. లేదంటే మేం అవతలి కనుమ మీదుగా పోతాం."

కొమరయ్యకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఏడాది పొడుగునా ఆయన చెవిలో మోగుతూనే ఉంది.

ఎండాకాలం మొదట్లో సభ పెట్టించాడు. ఎగువపేటలో సభంటే పెద్ద బండ మీదే. మాట్లాడాల్సినవాళ్లు మాట్లాడాక ఒక్కొక్కరూ వచ్చి ఆకు వేస్తారు. పచ్చాకు వేస్తే ఔనని, ఎండాకు వేస్తే కాదని. రెండూ సమానంగా పడితే పెద్ద వేసే ఆకుతో తేలిపోతుంది.

ఆ సభకి దిగువపేట పెద్ద కూడా వచ్చింది. ఆమె ఒక ముళ్లపంది. పేరు తాయారమ్మ. మాట మెత్తన, ఒళ్లే ముళ్లు.

"అన్నయ్యా, బాట ఎలాగూ తవ్వుతున్నారు" అంది తాయారమ్మ. "తవ్వినప్పుడే దాని కింద ఒక కాలవ వేసేద్దాం. మీ మురుగూ మా మురుగూ అందులోనే పోనీ. మా పేట చివర జమ్ము మడుగు ఉంది. ఆ జాగా మేమిస్తాం. మురుగు జమ్ములోంచి మెల్లగా పోయి తేరుకుంటుంది. తవ్వడానికి మాకు బలం చాలదు, ఆ సాయం మీరు చెయ్యండి. పూడిక తీయడం ఒక ఏడు మీరు, ఒక ఏడు మేం."

అడవిపంది బుల్లెబ్బాయి వెంటనే తల ఊపాడు. ఎగువపేటలో తవ్వకాలన్నీ అతనివే.

"బాగుంది పెద్దయ్యా. ఒకసారి తవ్వితే రెండు పనులూ అయిపోతాయి. కాకపోతే బాట ఈ తొలకరికి అవ్వదు. పై ఏటికి అవుతుంది" అన్నాడు.

ఆ చివరి మాట కొమరయ్యకి ముల్లులా గుచ్చుకుంది.

నెమలి చంద్రయ్య తోక విప్పుకుని లేచాడు. "పై ఏటికా! ఏనుగులు వచ్చేసరికి బాట కందకంలా ఉండాలా? పరువు పోదూ? అయినా వాళ్ల మురుగూ మన మురుగూ కలపడమేమిటి? మన మురుగు మనది, వాళ్లది వాళ్లది" అన్నాడు.

పిల్లలూ, మురుగుని కూడా మనదీ వాళ్లదీ అని పంచుకునేవాళ్లుంటారు. నవ్వకండి.

సభ ఆ రోజు తేలలేదు. బాట ఎంత లోతున తవ్వాలో చూసి రమ్మని బుల్లెబ్బాయిని పంపారు. అతను కొండ మలుపు దగ్గర తవ్వుతుంటే ఒక బొరియ బయటపడింది. ఏ పాత పుట్టదో, ఏ కాలంనాటిదో ఎవరికీ తెలియదు. కోతులు దాంట్లో నీళ్లు పోశాయి. గుటుక్కున మింగేసింది. పేట మురుగంతా దాంట్లోకి మళ్లించి చూశారు. అదీ మింగేసింది. ఎంత పోసినా నిండలేదు.

కొమరయ్యకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! మనకి కాలవే అక్కర్లేదు. మురుగంతా ఈ బొరియలోకి వదిలేద్దాం. బాట తొలకరికి అయిపోతుంది" అన్నాడు.

బుల్లెబ్బాయి ముట్టెతో మట్టి కెలుకుతూ నిలబడ్డాడు. "అది ఎక్కడికి పోతోందో చూడొద్దా, పెద్దయ్యా?" అన్నాడు.

"ఎక్కడికి పోతే మనకేం? మన బాట మీద లేదు కదా!"

మళ్లీ సభ కూడింది. కాలవ వేయాలా వద్దా అని ఆకులు పడ్డాయి. పచ్చాకులూ ఎండాకులూ సమానంగా వచ్చాయి. అందరూ కొమరయ్య వైపు చూశారు. తాయారమ్మ కూడా చూసింది.

కొమరయ్యకి ఒక్క క్షణం ఆమె చెప్పిందే సరైనదనిపించింది. నిజంగానే అనిపించింది. మరుక్షణం గున్న ఏనుగు జారిపడిన చప్పుడు, ఏనుగమ్మ అన్న మాట గుర్తొచ్చాయి. కాలవ అడిగిన తాయారమ్మకి ఎండాకు వేశాడు.

"ముందు బాట కానీ చెల్లెమ్మా. కాలవ తర్వాత చూద్దాం" అన్నాడు.

తాయారమ్మ ఆకులన్నీ ఊడ్చేసేదాకా అక్కడే నిలబడి, తర్వాత కిందికి దిగి వెళ్లిపోయింది.

ఎగువపేట అంతా ఒళ్లొంచి పనిచేసింది. కోతులు రాళ్లు మోశాయి. పందులు చదును చేశాయి. కుందేళ్లు సందుల్లో గులకరాళ్లు కుక్కాయి. పైన ఎర్రటి బంకమట్టి మెత్తి నున్నగా పామారు. ఆ మట్టి ఆరితే రాయిలా గట్టిపడుతుంది. నిజం చెప్పుకోవాలంటే అంత అందమైన బాట ఆ అడవిలో ఎప్పుడూ లేదు.

చివరి రోజున మలుపు దగ్గర మట్టి ఇంకా తడిగా ఉంది. చుక్కి ఎక్కడినుంచో గంతులేసుకుంటూ వచ్చి దాని మీదుగా పరిగెత్తేసింది. తడి మట్టి మీద చిట్టి గిట్టల గుర్తులు వరుసగా పడ్డాయి.

"అయ్యయ్యో!" అని కోతులు అరిచాయి. బుల్లెబ్బాయి మళ్లీ పామడానికి వచ్చాడు.

కొమరయ్య నవ్వి, "ఉండనీరా. నా మనవరాలి అడుగులు. నేను పోయాక కూడా ఉంటాయి" అన్నాడు.

చుక్కి అదేమీ పట్టించుకోలేదు. బొరియ దగ్గర మెడ వంచి చూస్తోంది. మురుగు గుడగుడమని లోపలికి పోతోంది.

"తాతా, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

కొమరయ్యకి తెలియదు. తెలియనప్పుడు ఏం చేసేవాడో చెప్పుకున్నాం కదా.

"భూమి తాగేస్తుంది, తల్లీ."

"ఛీ, ఈ కంపు నీళ్లా? పాపం భూమి!" అని చుక్కి ముక్కు చిట్లించింది.

తొలకరికి ఏనుగులు వచ్చాయి. గున్న ఏనుగులు కూడా జారకుండా నడిచాయి. ఏనుగమ్మ తొండం ఎత్తి కొమరయ్య తల నిమిరింది. "ఇదీ బాటంటే!" అంది. ఎగువపేట అంతా కేకలు వేసింది. ఆ పొగడ్త కొమరయ్యకి తలకెక్కింది. ఎక్కదూ మరి? ఏడాది పాటు అవమానం మోసినవాడు.

ఏనుగులు వెళ్లిపోయాక వానలు ముదిరాయి. తాయారమ్మ మళ్లీ వచ్చింది.

"అన్నయ్యా, మేం తాగే చెలమ నీళ్లు కొంచెం వాసనేస్తున్నాయి. ఎప్పుడూ లేదు. వానలు తగ్గగానే కాలవ పని మొదలుపెడదామా? బాట మొత్తం తవ్వక్కర్లేదు, అంచున తవ్వినా చాలు."

కొమరయ్య బాట వైపు చూశాడు. వాన కడిగిన బాట ఎర్రగా మెరుస్తోంది.

"ఏనుగులు మెచ్చిన బాటని ఇప్పుడు తవ్వమంటావా? వానాకాలం కదా, ఆకు కుళ్లి వాసనొస్తుంది. తేటపడుతుందిలే" అన్నాడు.

తాయారమ్మ వెళ్లిపోయింది. వానాకాలం పోయింది. ఆకులు రాలడం అయిపోయి చలికాలం వచ్చింది. దిగువపేట చెలమ తేటపడలేదు.

తాయారమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి ఆమె ముళ్లు కొన్ని రాలిపోయి ఉన్నాయి. దిగువపేటలో పిల్లలకి కడుపునొప్పులు పట్టుకున్నాయి. చాకిరీతో ఆమె చిక్కిపోయింది.

"అన్నయ్యా, ఈసారి కాలవ అడగడానికి రాలేదు. ఒక్కటే అడుగుతాను. మోదుగలు పూశాక, ఆ పూలు నానబెట్టి, ఆ రంగు నీళ్లు మీ బొరియలో పోసి చూద్దాం. మా చెలమలో రంగు కనపడకపోతే నేను మళ్లీ మీ గుమ్మం తొక్కను."

బండ మీద అప్పుడు సగం పేట ఉంది. అందరూ వింటున్నారు. కొమరయ్య ముఖం ఎర్రబడింది.

"అంటే మా మురుగు మీ చెలమలోకి వదిలామనా నీ ఉద్దేశం? అంత మాట అంటావా? అది ఆకు కుళ్లిన వాసన. నేను చెబుతున్నాను. ఆ నీళ్లకి ఏం కాలేదు."

"అలాగైతే చూడ్డానికేం, అన్నయ్యా?"

"చూద్దాంలే" అన్నాడు కొమరయ్య. చూద్దాంలే అంటే చూసేది లేదని అర్థం.

మోదుగలు పూశాయి. కొండంతా అగ్గి అంటుకున్నట్టు ఎర్రబడింది. పూలు రాలాయి, బాట మీద ఎండి ముడుచుకుపోయాయి. కొమరయ్య వాటి మీదుగా రోజూ నడిచాడు. ఒక్క పువ్వూ నానబెట్టలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఎగువపేటకి కూడా ఒక చెలమ ఉంది. ఎండలు మండిపోయే ఏడు అది ఎండిపోతుంది. అప్పుడు పైవాళ్లంతా కిందికి దిగి, దిగువపేట చెలమలో తాగుతారు. తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి అది. దిగువపేట వాళ్లు ఎప్పుడూ కాదనలేదు. కాదనకపోవడమే కాదు, వచ్చినవాళ్లలో అందరికంటే చిన్నపిల్లకి తొలి గుక్క ఇచ్చేవారు. ఆ పిల్ల తాగాకే మిగతావాళ్లు మూతి పెట్టాలి. అది మర్యాద.

కొన్నేళ్లుగా వానలు బాగా పడ్డాయి. ఎగువ చెలమ ఎండలేదు. అందుకని ఈ సంగతి అందరూ మరచిపోయారు. కొమరయ్య కూడా మరచిపోయాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి.

ఎగువ చెలమ ముందు సన్నబడింది, తర్వాత బురదైంది, చివరికి ఆ బురద కూడా నెర్రెలు విచ్చింది. ఎగువపేట జంతువులన్నీ తమ అందమైన బాట మీద బారులు తీరి కిందికి దిగాయి. కొమరయ్య ముందు నడిచాడు. పక్కన చుక్కి. దాని నాలుక ఎండి పెదవులకి అంటుకుపోతోంది. ప్రశ్నలు కూడా అడగడం మానేసింది.

దిగువపేటలో అందరూ ఎదురొచ్చారు. ఎవరూ దెప్పలేదు. తాయారమ్మ చుక్కిని చూసి తల నిమిరింది.

"నువ్వే చిన్నదానివి కదూ? తొలి గుక్క నీదే" అంది. తర్వాత కొమరయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "అన్నయ్యా, చెలమ నీళ్లు పిల్లకి వద్దు. వేరే దారి లేక పెద్దవాళ్లం తాగుతున్నాం. మా పసివాళ్ల కోసం రాతి దొప్పలో వాన నీళ్లు దాచాం. కొంచెమే ఉన్నాయి. అవి దీనికి తాగిస్తాను. మర్యాదకి లోటనుకోకు."

ఎంత గొంతు తగ్గించినా దగ్గరున్నవాళ్లకి వినిపించింది. నెమలి చంద్రయ్య తల తిప్పి చూశాడు. కోతులు చూశాయి. అందరి కళ్లూ కొమరయ్య మీదే.

సరే తీసుకురా అనాలి. అంతే. ఒక్క మాట. కానీ ఆ మాటంటే, ఆ నీళ్లు పాడయ్యాయని ఒప్పుకున్నట్టే. నేను చెబుతున్నాను, ఏం కాలేదు అని బండ మీద అన్నది తప్పని ఒప్పుకున్నట్టే.

"అక్కర్లేదు" అన్నాడు కొమరయ్య. "మీ పసివాళ్ల నీళ్లు మాకెందుకు? ఈ నీళ్లకేం? బాగానే ఉన్నాయి."

చుక్కి చెలమ అంచున మోకాళ్లు వంచింది. నీళ్ల దగ్గర మూతి పెట్టింది. వెంటనే వెనక్కి తీసింది.

"తాతా, ఇది మన మలుపు దగ్గర వాసన" అంది.

బుల్లెబ్బాయి తల దించుకున్నాడు.

ఆ క్షణంలో కొమరయ్యకి అంతా తెలిసిపోయింది. బొరియ ఎక్కడికి పోతోందో తెలిసింది, తాయారమ్మ ముళ్లు ఎందుకు రాలాయో తెలిసింది. తెలిసినా, చుట్టూ అంతమంది చూస్తున్నారు. గొంతులో మాట ఒకటుంది, నోట్లోంచి మరొకటి వచ్చింది.

"ఆకు కుళ్లిన వాసనమ్మా. ఏం కాదు. తాగు."

తాత చెప్పిందంటే చుక్కికి ఇక తిరుగులేదు. తాగింది. పైగా చాలా దాహంగా ఉంది పాపం. కడుపు నిండా తాగింది.

దాని తర్వాత కొమరయ్య కూడా తాగాడు. పిల్ల కంటే ఎక్కువ తాగాడు. ఆ నీళ్లు తనకేమైనా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన పెద్ద ఒళ్లు వాటిని ఓర్చుకుంది.

ఆ సాయంత్రానికే చుక్కి కాళ్లు వణికాయి. ఒళ్లు కాలిపోయింది. తాగిందంతా కక్కేసింది. మరి కొందరు పిల్లలకి కూడా వాంతులయ్యాయి కానీ వాళ్లు తేరుకున్నారు. చుక్కి తేరుకోలేదు. తాయారమ్మ రాతి దొప్పలోని వాన నీళ్లన్నీ తెచ్చి, ఆకుతో చుక్క చుక్కగా దాని నోట్లో పోసింది. తన పేట పిల్లలకి ఒక్క చుక్క కూడా మిగల్చలేదు. ఆ నీళ్లు కూడా దాని కడుపులో నిలవలేదు.

తెల్లవారేసరికి చుక్కి కళ్లు తెరిచింది. చాలాసేపు తాత ముఖం చూసింది. తర్వాత అడిగింది.

"తాతా, భూమి తాగేస్తుందన్నావుగా? మరి మళ్లీ ఎందుకు కక్కేసింది?"

చుక్కి అడిగిన వాటిలో తాత జవాబు చెప్పని ప్రశ్న అదొక్కటే. చుక్కి కాసేపు జవాబు కోసం చూసింది. ఎండ ఎక్కేలోపే చనిపోయింది.

పిల్లలూ, ఇక్కడ ఆగిపోదామని ఉంది కానీ, కథ ఇంకా కొంచెం ఉంది.

చుక్కిని జమ్ము మడుగు గట్టున పూడ్చారు. అప్పుడు కొమరయ్య అందరి ముందూ నిలబడ్డాడు. ఆయన కొమ్ములు అలాగే ఉన్నాయి కానీ, వాటిని మోయలేనట్టు తల వాలిపోయి ఉంది.

"బాట మీద ఎండిన మోదుగ పూలు ఏరండి. నానబెట్టండి. తాయారమ్మ చెప్పినట్టే చూద్దాం" అన్నాడు.

"ఇంకా ఎందుకు, పెద్దయ్యా?" అన్నాడు బుల్లెబ్బాయి.

"నాకు తెలిసిపోయిందిరా. మిగతావాళ్లకి తెలియాలి. రేపు నాలాంటివాడు ఇంకొకడు లేచి, ఆకు కుళ్లిందంటాడు."

పూలు నానబెట్టారు. దిగువ చెలమ నుంచి మోసుకొచ్చిన కాసిని నీళ్లలోకే రంగు దిగింది. బొరియలో పోశారు. పొద్దు వాలేలోపే దిగువ చెలమ పసుపు కలిపినట్టు అయింది. నెమలి చంద్రయ్య తోక ముడుచుకుని చూశాడు. మన మురుగు మనది, వాళ్లది వాళ్లది అన్న నోరే అది. తర్వాత ఎప్పుడూ ఆ మాట అనలేదు.

బండ మీద చివరిసారి ఆకులు వేశారు. కాలవకి అన్నీ పచ్చాకులే పడ్డాయి. కొమరయ్య కూడా పచ్చాకు వేశాడు. వేసి, "నాకీ పెద్దరికం వద్దు" అన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

రెండు పేటలూ కలిసి తవ్వాయి. ఎంతో కష్టపడి వేసిన బాటని ఆ చేతులతోనే పగలగొట్టారు. ఎగువన మొదలుపెట్టి కిందికి దిగుతూ వచ్చారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి అందరూ ఆగిపోయారు.

గట్టిపడిన ఎర్రమట్టి మీద చిట్టి గిట్టల గుర్తులు వరుసగా ఉన్నాయి. నిన్ననే పరిగెత్తినట్టు ఉన్నాయి.

బుల్లెబ్బాయి కొమరయ్య దగ్గరికి వచ్చాడు. "పెద్దయ్యా, ఇక్కడ కాలవ కాస్త పక్కకి తిప్పుదాం. ఇవి ఉండనిద్దాం" అన్నాడు.

తాయారమ్మ కూడా, "అలాగే చేద్దాం అన్నయ్యా. ఎవరూ ఏమీ అనరు" అంది.

కొమరయ్య ఆ గుర్తుల వైపు చూస్తూ అడిగాడు. "ఇక్కడ తిప్పితే మురుగు నిలబడుతుందా?"

బుల్లెబ్బాయి నేల చూపులు చూశాడు. "నిలబడుతుంది, పెద్దయ్యా. వాలు చాలదు. ఏడాదికోసారి పొంగుతుంది."

"పొంగితే ఎక్కడికి పోతుంది?"

"ఆ బొరియలోకే."

కొమరయ్య ముందుకొచ్చి, ముంగాళ్లు వంచి, తల దించి, కొమ్ములు మట్టిలో గుచ్చాడు. మొదటి గుర్తు పగిలింది. తర్వాత రెండోది. ఎవరూ సాయం వెళ్లలేదు. ఆయన పని అది, ఆయనే చేయాలని అందరికీ తెలుసు. చివరి గుర్తు దగ్గర కాస్త ఆగాడు. ఆ ఒక్క మట్టిపెళ్లనీ పగలకుండా మెల్లగా కొమ్ముతో ఎత్తబోయాడు. అది గాల్లోకి లేచింది, రెండు ముక్కలైంది, పొడి పొడిగా రాలిపోయింది. కొమరయ్య ఆ మట్టిని మూతితో ఒకసారి తాకాడు. మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు.

కాలవ పూర్తయింది. బొరియని బండరాళ్లతో మూసేశారు. బాట మళ్లీ వేశారు కానీ మునుపంత నున్నగా కుదరలేదు. పై ఏటి తొలకరికి ఏనుగులు వచ్చాయి. ఏనుగమ్మ బాటని ఏమీ అనలేదు, పొగడనూ లేదు. కొమరయ్య కూడా ఎదురు వెళ్లలేదు. దిగువ చెలమ తేటపడడానికి రెండు వానాకాలాలు పట్టింది.

కొమరయ్య పూడిక తీసే పనికి కుదిరాడు. ఒక ఏడు ఎగువపేట వంతు, ఒక ఏడు దిగువపేట వంతు కదా. ఆయన మాత్రం రెండు వంతుల్లోనూ ఉండేవాడు.

ఏదో ఒక కుందేలు పిల్లో, కోతి పిల్లో ఆయన పని చూస్తూ చూస్తూ అడుగుతూ ఉండేది. "తాతా, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

కొమరయ్య ఇప్పుడు ఏదీ కల్పించి చెప్పడు. పని ఆపి, "రా, చూద్దాం" అంటాడు. ఆ పిల్లని వెంటబెట్టుకుని కాలవ పొడవునా నడుస్తాడు. మలుపు దాటి, దిగువపేట దాటి, జమ్ము మడుగు దాకా తీసుకెళ్తాడు. నీళ్లు జమ్ములోకి ఎలా వెళ్తున్నాయో, అవతల ఎలా తేటగా వస్తున్నాయో అన్నీ చూపిస్తాడు. తర్వాత పిల్లని ఇంటికి పంపేసి, గట్టు మీద కాసేపు ఒక్కడే కూర్చుని వస్తాడు.

నీతి: మన వాకిలి దాటిన మురుగు లోకం దాటిపోదు, అది ఎక్కడికి చేరుతుందో చూడనివాడు, తప్పు తెలిశాక కూడా ఒప్పుకోనివాడు, దాన్ని చివరికి తనవాళ్ల చేతే తాగిస్తాడు.